రెండూ నూనేగా

నా భార్య వరాలమ్మను చంపింది తుఫాను కాదు, ఒక మాట.

ఊళ్లో అన్నీ కరెంటు బండ్లయ్యాక పెట్రోలు, డీజిలు అనే పేర్లు పోయాయి. రెంటినీ నూనె అనడం మొదలెట్టారు. తుఫానుకు కరెంటు పోయినప్పుడు ఆమెకు ఊపిరిచ్చే మిషను నా పాత డీజిలింజను మీదే నడిచింది. నేను ఆమె తల ఒళ్లో పెట్టుకుని కూర్చున్నాను. ట్యాంకు ఖాళీ అవుతుంటే, సహాయ కేంద్రంలో పనిచేసే సుధీరు, ఇంజను ఆగిపోకూడదని గోదాములో 'నూనె' అని రాసున్న డబ్బా తెచ్చి ఒంపేశాడు. అది పెట్రోలు.

పెట్రోలు మండాలంటే నిప్పురవ్వ కావాలి. డీజిలుకు అక్కర్లేదు, గట్టిగా అదిమిన గాలి వేడికే అంటుకుంటుంది. నా ఇంజనులో రవ్వ పుట్టించేదే లేదు. టపటపా కొట్టుకుని ఆగింది. కాసేపటికి ఆమె కూడా.

"నాకేం తెలుసు బాబాయ్, రెండూ నూనేగా!" అన్నాడు సుధీరు.

నిన్న మళ్లీ వాడే వచ్చాడు.

"బడిలో పిల్లలకి ఇంజన్ల రకాలు నువ్వొచ్చి చెప్పాలి బాబాయ్. తెలిసినోడివి నువ్వొక్కడివేగా మిగిలింది."

"తెలియడానికేముందిరా? రెండూ నూనేగా. నువ్వే చెప్పు."

"ఇంకా మనసులో పెట్టుకున్నావా?"

తలుపు వేసేశాను.

ఆ తేడా ఈ ఒక్కసారికి రాశాను, వరాలు కోసం. ఇక చచ్చేదాకా ఆ ఊసెత్తను.