ఫ్యాన్ ఆపకముందు

"నీ మాట కంటే ఫ్యాన్ మాటే ఎక్కువ వినిపిస్తోంది జెస్సీ. మళ్లీ రికార్డు చేసి పంపు. సాయంత్రం అయిదింటికి అన్ని వాట్సాప్ గ్రూపుల్లో పెట్టేస్తాను."

రాధిక టీచర్ మెసేజ్ చూసి జెస్సీ గోడ గడియారం వైపు చూసింది. మూడున్నర.

అది జెస్సీ మొదటి పాడ్‌కాస్ట్. మూడు నిమిషాలే.

అందులో అడిగేది ఒక్కటే. అమ్మ లీదియా బాగా పాడేదట. జెస్సీకి ఏడాది నిండకముందే పోయింది. ఇంట్లో ఫొటో ఉంది, గొంతు లేదు. ఎవరి దగ్గరైనా అమ్మ పాట ఉంటే పంపమని అడగాలి.

నాయన మిరపకోతకు పోయాడు. ఊరంతా ఎండ, నిద్ర.

ఫ్యాన్ ఆపితే ఉక్క. ఇయర్‌ఫోన్లు రెండు చెవుల్లో కుక్కుకుంది. వైరుకున్న మైకును నోటికి ఆనించుకుని, కాగితం చూసి గట్టిగా చదవసాగింది.

"మా అమ్మ పాట మీ దగ్గర ఉంటే..."

వాకిట్లో నీడ పడింది. భుజాన సంచీతో ఒక ముసలాయన. పెదవులు కదులుతున్నాయి. ఏమంటున్నాడో ఆమెకు వినపడలేదు.

జెస్సీ వేలు పెదవుల మీద పెట్టి, ఇప్పుడు కాదన్నట్టు తల అడ్డంగా ఊపింది.

ఆయన ఒక్క క్షణం ఆమె ముఖం వైపే చూశాడు. అర్థమైందన్నట్టు తలాడించి, వెనక్కి తిరిగి మెట్టు మీద కూర్చున్నాడు. ఎదురుగానే బస్సు ఆగే చోటు. బస్సు కోసమేమో అనుకుంది జెస్సీ.

చదవడం అయిపోయాక ఇయర్‌ఫోన్లు తీసింది.

"ఏంది తాతా? నీళ్లు కావాల్నా?"

ఆయన పలకలేదు. అరచేయి గోడకు ఆనించి కళ్లు మూసుకుని ఉన్నాడు.

"ఫ్యాన్ ఆపు తల్లీ," అన్నాడు కళ్లు తెరవకుండానే. "గోడ వణుకుతాంది."

జెస్సీ ముందుకొచ్చి చెంబు అందించింది. "నేను పిలిస్తే పలకవేంది తాతా?"

ఆయన ఆమె పెదవుల కదలిక చూసి, తన చెవులు తట్టి చూపించాడు.

"ఇయ్యి పోయి పదేండ్లయింది. మైకు హారన్ల కింద బతికిన చెవులు. ఇప్పుడంతా చేత్తోనే ఇంటా."

జెస్సీకి నవ్వొచ్చింది. చెవులు వినపడనాయన తనకు రికార్డింగు నేర్పుతున్నాడు!

అయినా లేచి ఫ్యాన్ ఆపింది.

"ఆ బొంత నెత్తిమీదుగా కప్పుకో. ఉత్త గోడ మాటను ఎనక్కి కొడతాది. గుడ్డయితే మింగేస్తాది."

కప్పుకుంది.

"మైకు నోటికి ఎదురుగా పెట్టాకు. చెయ్యి ఇట్ల అడ్డం పెట్టి 'పాప' అను. గాలి తగిలిందా?"

తగిలింది.

"ఆ గాలే దాంట్లో టప్పుమంటాది. పక్కకు పెట్టుకో. అరవాకు. అది చెవి తల్లీ, చెవిలో చెప్పినట్టే చెప్పాల."

జెస్సీ తలూపింది.

"ఇంగొకటి. మొదలుపెట్టే ముందు కొంచేపు ఊరికే ఉండు. ముందు ఇల్లును మాట్లాడనీ."

బొంత లోపల చీకటి, వెచ్చదనం. అమ్మ పాత చీరలతో నాయనమ్మ కుట్టిన బొంత అది. వెలుగు తగిలినచోట ఒక చీర పసుపుగా, ఒకటి ఆకుపచ్చగా మెరుస్తోంది. జెస్సీ ఊరికే ఉంది. ఎక్కడో ఒక మేక మెడలో గంట ఒక్కసారి మోగి ఆగింది. నీళ్ల అడుగున కూర్చున్నట్టుంది.

అప్పుడు మెల్లగా మొదలుపెట్టింది.

"మా అమ్మ పేరు లీదియా..."

బయట, పక్కింటి వెంకటసుబ్బులమ్మ చేటతో వచ్చింది. కేకేయబోయి నోరు తెరిచింది. ముసలాయన చటుక్కున లేచి వేలు పెదవుల మీద పెట్టాడు. ఆమె నోరు తెరిచినట్టే నిలబడిపోయింది.

మూడు నిమిషాలు ఆయన ఊపిరి బిగబట్టినట్టే నిలుచున్నాడు.

జెస్సీ బొంత తీసిందో లేదో వెంకటసుబ్బులమ్మ అందుకుంది.

"ఎవురే ఈయన? మా ఆయనకే చేతకాలేదు నా నోరు మూయించను!"

"నాకూ తెలీదు పెద్దమ్మా. మంచోడే."

రోడ్డు మలుపులో దుమ్ము లేచింది. మార్కాపురం బస్సు. బస్సొస్తోందని జెస్సీ ఆయనకు చెయ్యి చూపించింది.

ముసలాయన సంచీ తడుముకున్నాడు.

"ఒక్కటి మిగిలిపోయింది," అన్నాడు తనలో తానే. "నేనే ఊరు తప్పొచ్చినట్టుండా. బాగా చదువుకో తల్లీ."

"ఏ ఊరు తాతా మీది?"

ఆయన అప్పటికే వెనక్కి తిరిగాడు. బస్సెక్కి, కిటికీలోంచి నవ్వాడు. దుమ్ములో ఆ నవ్వు కొంతసేపు కనిపించి, తర్వాత దుమ్ము ఒక్కటే కనిపించింది.

"పాపం, ఏం అమ్ముకునేటాయనో," అంది వెంకటసుబ్బులమ్మ.

అయిదు కాకముందే టీచర్ దగ్గర్నుంచి జవాబొచ్చింది.

"ఎంత బాగుందో జెస్సీ! పక్కన కూర్చుని చెప్తున్నట్టే ఉంది. ఎవరు నేర్పారు?"

జెస్సీ నవ్వుకుంటూ 'ఒక తాత' అని రాసింది.

ఫోన్‌లో చోటు నిండిపోయింది. మధ్యాహ్నం ఫ్యాన్ కింద రెండోసారి చేసిన రికార్డింగు తీసేయబోయింది. తీసేసేముందు, తేడా ఎంతుందో చూద్దామని ఒకసారి పెట్టింది.

ఫ్యాన్ గరగర. దాని మధ్యలో తన అరుపు.

"మా అమ్మ పాట మీ దగ్గర ఉంటే..."

ఆ మాట మీదే, వాకిట్లోంచి ఇంకో గొంతు.

"తల్లీ, లీదియమ్మ ఇల్లు ఇదేనా? పెండ్లికి ముందు కొమరోలు సభల్లో ఆ బిడ్డ పాడిన పాటలన్నీ రికార్డు చేసింది నేనే, క్యాసెట్ ఆమె చేతికిచ్చి పోదామని వచ్చినా."