గుండ్రటి చీకటి

మాణిక్యాంబకు బుద్ధెరిగిన నాటి నుంచీ తెలిసిన గ్రహణం ఒక్కటే. ఎండ నుంచి కరెంటు తీయడానికి ఆకాశంలో పరిచిన పలకలు పూటపూటకీ సూర్యుణ్ణి నలుచదరంగా కప్పేవి. అప్పుడల్లా ఆవిడ ఊరగాయ జాడీల మీద దర్భలు వేసి, నెలలు నిండిన కోడలిని కదలకుండా పడుకోబెట్టేది.

ఆవేళ మరమ్మతులని పలకల్ని పక్కకు తప్పించారు. గ్రహణాలు లేవని ఫోన్లలో చాటింపు వేశారు. అయినా మిట్టమధ్యాహ్నం ఉన్నట్టుండి చీకటి కమ్మింది. కాకులు గూళ్లకు మళ్లాయి. పైన సూర్యుడి మీద నల్లటి గుండ్రటి బిళ్ల!

"దర్భలు తేనా అత్తయ్యగారూ?" కోడలు హైమ అడిగింది.

"దర్భలెందుకే, ఇది గ్రహణమైతే కదా! గ్రహణం ఎక్కడైనా గుండ్రంగా ఉంటుందా? ఇంకేదో ముంచుకొచ్చింది, పద!" అంటూ మాణిక్యాంబ ఆ నిండు చూలాలిని వీధిలోకి లాక్కొచ్చింది.