మూడు నెలల నడక

నరసింగరావుకు నడకంటే ఒళ్ళుమంట.

వీధి చివరి పాన్ షాపుకు కూడా స్కూటర్ మీదే వెళ్ళేవాడు. పొద్దున్నే పార్కులో చేతులూ కాళ్ళూ ఊపే రిటైరైన పెద్దమనుషుల్ని చూస్తే, వీళ్ళకింకేం పని లేదా అని విసుక్కునేవాడు. హిందీ మాట్లాడే ఊళ్ళో, ఉక్కు ప్లాంటులో ఇరవై తొమ్మిదేళ్ళుగా క్రేను నడుపుతున్నాడు. పైన క్యాబిన్‌లో కూర్చున్నాడంటే షిఫ్టు అయ్యేదాకా కూర్చోవడమే. కింద ఎంతటివాడైనా అతని సైగ కోసం తలెత్తి చూడాల్సిందే. అది మాత్రం అతనికి మహా ఇష్టం.

తొంభై నాలుగు జనవరిలో మెడికల్ పరీక్షకు పిలిచారు. బరువు తొంభై ఆరు కిలోలు. బీపీ ఎక్కువ, షుగరు ఇంకా ఎక్కువ. డాక్టరు మూడు నెలలు గడువిచ్చాడు. ఏప్రిల్లో బోర్డు ముందుకు ఇలాగే వస్తే అన్‌ఫిట్ రాసేస్తారనీ, ఇక క్రేను మరిచిపోయి ఇంటికెళ్ళిపోవచ్చనీ చెప్పాడు. ఇంకా ఐదేళ్ళ సర్వీసుంది.

ఇంట్లో చెబితే భార్య సత్యవాణి కంగారుపడలేదు. చేసిన చాకిరీ చాలు, ఇంటిపట్టున ఉండమంది. కొడుకు ఉదయ్‌కుమార్ అన్నం కలుపుకుంటూ తలెత్తకుండానే అన్నాడు.

"ఛోడో నాన్నా. నడకా గిడకా నీ వల్ల అవదు."

వాడు ఐటీఐ చదివాడు. జాముల్ సిమెంటు ఫ్యాక్టరీలో కాంట్రాక్టరు కింద బస్తాలు మోస్తున్నాడు. పెళ్ళి కాలేదు. తండ్రితో మాటలు ఏనాడో తగ్గిపోయాయి, ఉన్న నాలుగూ ఇలాంటివే. నరసింగరావుకు ఆ మాట ముల్లులా గుచ్చుకుంది.

మర్నాడు ఐదింటికే లేచి పార్కుకు వెళ్ళాడు. పది నిమిషాల్లో ఆయాసం, చిరాకు, ఆవులింతలు. తిరిగొచ్చి పడుకున్నాడు. రెండో రోజూ అదే కథ. వ్యాయామం అనుకుంటే కాళ్ళు కదలడం లేదు. మూడో రోజు మాత్రం కొడుకు మాట తలచుకుంటూ బయల్దేరాడు. ఒళ్ళు మండిపోయింది. మళ్ళీ చూసుకునేసరికి ప్లాంటు గేటు దాకా వచ్చేశాడు.

అదీ కిటుకు. ఇంట్లో కోపానికి కరువు లేదు.

స్కూటర్ వదిలేసి డ్యూటీకి నడిచే వెళ్ళేవాడు. ఇంతకు ముందు టీ కూడా క్యాబిన్‌లోకే తెప్పించుకునేవాడు, ఇప్పుడు షిఫ్టుకు రెండుసార్లు నిచ్చెన దిగి ఎక్కేవాడు. ఆదివారం బజారు సంచులు రెండు చేతులా మోసుకొచ్చేవాడు. వ్యాయామం మీద అసహ్యం మాత్రం వీసమెత్తు తగ్గలేదు.

అదే ప్లాంటులో పనిచేసే గోపాలం ఒకరోజు రొప్పుతూ వెంటపడ్డాడు.

"ఏటి బావా ఆ నడక? ఎవుల మీద కోపం?"

"నా పొట్ట మీద" అన్నాడు నరసింగరావు.

ఇంట్లోవాళ్ళు ఊరుకోలేదు. నెయ్యి చెంచాతో కొలిచే సత్యవాణి ఉన్నట్టుండి గరిటెతో పొయ్యడం మొదలెట్టింది. పండగా పబ్బమూ లేకుండా సున్నుండలు చుట్టింది. ఉదయ్‌కుమార్ కనురెప్పల మీద సిమెంటు దుమ్ముతోనే వేడి జిలేబీ పొట్లం తెచ్చి తండ్రి ముందు పెట్టాడు. నరసింగరావు దాన్ని తీసుకెళ్ళి వీధికుక్కకు వేసి వచ్చాడు.

మార్చి ఎండల్లో వాడు స్కూటర్ మీద వెంబడించేవాడు. పక్కనే నెమ్మదిగా నడుపుతూ, "బైఠో నాన్నా, దింపేస్తాను" అనేవాడు. తండ్రి అటు చూసేవాడు కాదు. ఒకరోజు కాన్వాస్ బూట్లు కనబడలేదు. ఎవరు దాచారో అడగనైనా అడగకుండా, రబ్బరు చెప్పులతోనే వైశాలి నగర్ దాకా వెళ్ళి వచ్చాడు. మడమలు చీరుకుపోయాయి. ఆ మంట కూడా మర్నాటి నడకకు పనికొచ్చింది.

బోర్డుకు వారం ఉందనగా సత్యవాణి గుమ్మానికి అడ్డంగా నిలబడింది.

"ఏటండీ ఈ పంతం? ఎవులి మీద సాధిస్తన్నారు? ఒక్కపాలి మా మాట వినండి."

"నా కుర్చీలోంచి నన్ను లేపే మొనగాడు ఇంకా పుట్టలేదు" అన్నాడు నరసింగరావు. ఆమెను పక్కకు నెట్టి మెట్లు దిగాడు.

ఏప్రిల్ ఇరవైన బోర్డు కూర్చుంది. బరువు ఎనభై రెండు. బీపీ దిగింది, షుగరు దిగింది. డాక్టరు పాత కాగితం, కొత్త కాగితం పక్కపక్కన పెట్టి చూసి ఆశ్చర్యపోయాడు. మనిషి తలచుకుంటే ఏదైనా చెయ్యగలడనడానికి నువ్వే సాక్ష్యమని భుజం తట్టాడు. ఫిట్ అని రాసి ముద్ర వేశాడు.

నరసింగరావు ఇంటికి నడిచే వచ్చాడు. కాగితం మంచం మీద పెట్టాడు. దాన్ని చూసి సత్యవాణి పొయ్యి ఆర్పేసి, వంటింట్లో గోడకు ఆనుకుని కూర్చుంది. ఆ పూట వంట లేదు.

ఉదయ్‌కుమార్ జాముల్ నుంచి వచ్చి కాళ్ళయినా కడుక్కోలేదు. కాగితాన్ని రెండుసార్లు చదివాడు. దుమ్ము అంటకుండా అంచులు పట్టుకుని తిరిగి మంచం మీద పెట్టాడు.

"గెలిచావు నాన్నా" అన్నాడు.

నరసింగరావు రేపటి డ్యూటీకి చొక్కా ఇస్త్రీ చేసుకోసాగాడు.

అన్‌ఫిట్ అయిన తండ్రి ఉద్యోగం కొడుక్కి ఇచ్చే ఆ ప్లాంటులో, ముప్పై నిండితే ఆ అవకాశం పోతుందనీ, ఉదయ్‌కుమార్‌కు మే నెలలో ముప్పై నిండుతాయనీ, నడక మొదలుపెట్టిన రోజే నరసింగరావుకు తెలుసు.