సున్నా ఫిర్యాదుల మేస్త్రీ

మా హోటల్లో నాలుగు వందల గదులు. మరమ్మతులన్నీ కంప్యూటర్‌లోకి ఎక్కించే పని నాది. ఫిర్యాదు వస్తే నమోదవుతుంది, బాగుచేసినవాళ్ళకి మార్కు పడుతుంది.

మొదటి నెల జాబితాలో పంపుల మేస్త్రీకి సున్నా వచ్చింది. "పనిచేయనివాణ్ణి ఎందుకు మేపడం? వారంలో మారకపోతే ఇంటికి పంపేద్దాం," అన్నారు మేనేజరు.

నేను మేస్త్రీ దగ్గరికి పరుగెత్తాను. "బాబాయ్, పంపు కారకముందే మీరు వాషరు మార్చేస్తే ఫిర్యాదెలా వస్తుంది? కాస్త కారనివ్వండి."

"కారేదాకా చూస్తూ కూర్చోడానికి నాకేం పోయేకాలమా అమ్మాయ్?"

మర్నాటి నుంచి ఫిర్యాదులు మొదలయ్యాయి. వారంలో పదకొండు, అన్నీ హోటల్లోనే ఉండే మేనేజరుగారి బాత్‌రూమ్‌వే. ఒంటినిండా సబ్బుతో ఆయనే ఫోన్ చేసేవారు. మేస్త్రీ వెళ్ళి నాలుగు నిమిషాల్లో బాగుచేసి వచ్చేవారు.

శనివారం జాబితాలో మొదటి పేరు మేస్త్రీదే. "చూశావా, నీ కంప్యూటర్ మనిషినెలా మార్చిందో!" అని మేనేజరు మురిసిపోయారు.

మేస్త్రీ నన్ను పక్కకు పిలిచారు. "ఒట్టు అమ్మాయ్, పిలవకుండా నేను ఆ గదివైపు వెళ్ళలేదు."

నాకు తెలుసు. పంపులకు నంబర్లు అంటించమని అన్ని గదుల తాళంచెవీ ఇచ్చింది నాకే. పంపులు విప్పే బాబాయ్ పాత పానా కూడా ఇంకా నా సంచిలోనే ఉంది.