చలి ఊళ్ల తోటల సంఘం

"ఐసు గడ్డ బిర్రన కొట్టుమే! సంఘం సెక్రెట్రీ బస్సు దిగినాడంట!" అని అబ్దుల్ గనీ పెరట్లోంచి కేకేశాడు.

మే నెల ఎండలో అతని భార్య అజీమున్నీసా విసుక్కుంటూనే సుత్తితో గడ్డను నలగ్గొట్టి, కుండీలోని ఆపిల్ మొక్క చుట్టూ పోసింది. ఎమ్మిగనూరు సంతలో కొన్న కంబళిని గనీ పైన కప్పాడు.

చలి ఊళ్ల తోటల సంఘమంటే ఊటీ వాళ్లదేనని ఆశపడి, ఆదోనిలో వేసవిలోనూ మంచు కురుస్తుందని రాసి, గనీ పోస్టులోనే సభ్యుడైపోయాడు. వాళ్లెంత మంచివాళ్లంటే, అడక్కుండానే మొక్క పంపారు. మంచు కురిస్తే కంబళి కప్పమని సలహా కూడా రాశారు. మంచు ఎంతకూ కురవకపోయేసరికి గనీయే రోజూ కురిపించి, ఆనక కప్పుతున్నాడు.

సెక్రెట్రీ సోమప్ప ఉన్నికోటుతో, కోతిటోపీతో, చెమటలు కక్కుతూ వచ్చాడు.

"తెల్లారుజామున పడిన మంచు సార్, ఇంగా కరగలేదు," అన్నాడు గనీ నేలచూపులు చూస్తూ.

సోమప్ప కంబళి ఎత్తాడు. ఒక ముక్క తీసి చెంపకు ఆనించుకున్నాడు. ఇంకోటి నోట్లో వేసుకుని కళ్లు మూసుకున్నాడు.

"ఈ ఐసు యాడ దొరుకుతాది సాబూ? మా గుంతకల్లులో కరెంటు లేక ఫ్యాక్టరీ మూసినారు. నా సెట్టు పానం మీదికొచ్చింది."

గనీ నోరు తెరిచాడు. "మీది ఊటీ కాదా? మరి ఊటీలో ఎవరుండారు?"

"ఊటీలో ఉండేటోళ్లకు సంఘమెందుకప్పా?"

అజీమున్నీసా ఆయన చేత కోటు విప్పించి, మిగిలిన గడ్డను దాంట్లో చుట్టి చేతికిచ్చింది.

"ఇప్పుడు ఈ కోటుకు పని పడింది. గుంతకల్లు దాకా కరగదు, పోయిరా అన్నా."