మొహం చాటేసిన ముసలమ్మ

లెనార్డ్‌ను చూడగానే ముసలమ్మ మళ్లీ లేచి వెళ్లిపోయింది.

దుప్పటి మొహంమీదికి లాక్కుని, కర్ర ఊతంగా ముళ్లపొద వెనక్కి నడిచి, వీపు తిప్పి కూర్చుంది. అతను తెచ్చిన టీపొడి, పంచదార అక్కడే ఉండిపోయాయి. కంగారూ మాంసం కాలుస్తున్న ఆడవాళ్లు ఒకటే నవ్వులు.

తనామీ ఎడారిలో ఆ ఆదివాసులతోపాటు లెనార్డ్ మకాం పెట్టి ఏడాది కావస్తోంది. వాళ్ల భాషకు నిఘంటువు కూర్చడం అతని పని. ఎడారిలో నీటి చెలమల దారులు చెప్పే పాటలన్నీ తెలిసింది ముసలమ్మ ఒక్కతికే. ఆవిడతోపాటే అవీ పోతాయని అతని బెంగ.

"నేనంటే ఆవిడకి అంత కిట్టదేం, జంగాలా?"

జంగాలా ముసలమ్మ చెల్లెలి కొడుకు. పళ్లికిలించాడు.

"నీకు బొత్తిగా సిగ్గులేదు బావా! ఆవిడ వెంట పడకు."

"పనున్నవాడికి సిగ్గేంటి?"

మర్నాడు టేప్ రికార్డరు మోసుకుని పొద అవతలికే వెళ్లి ఎదురుగా నిలబడ్డాడు. ముసలమ్మ కెవ్వుమని, కర్ర కూడా వదిలేసి పరుగెత్తింది.

ఈసారి ఆడవాళ్లు నవ్వలేదు.

లెనార్డ్‌కు ఒళ్లు మండింది. తెల్లవాళ్లంటే పగ కాబోలు, ఉంటే ఉండనీ అనుకుని ఆవిడ ఊసే వదిలేశాడు.

చలికాలంలో దగ్గు పట్టుకుని ముసలమ్మ పోయింది. మనిషి పోయినందుకంటే పాటలు పోయినందుకే లెనార్డ్ ఎక్కువ ఏడ్చాడు, అబద్ధమెందుకు.

చావు జరిగిన చోట ఉండకూడదని అందరూ మకాం ఎత్తేస్తున్నారు.

"చివరిదాకా నామీద కోపం పోలేదు," అన్నాడు లెనార్డ్ గుడారం విప్పుతూ.

"కోపమేంటి బావా? అత్త ఎక్కడైనా అల్లుడికి మొహం చూపిస్తుందా? మాట్లాడుతుందా?"

ఆ ఆచారం లెనార్డ్‌కు తెలియకపోలేదు. దానిమీద పెద్ద వ్యాసమే రాశాడు.

"అల్లుడేంటి? నాకు పెళ్లే కాలేదుగా!"

"ప్రపంచమంతా అడుగుతావు, ఇదొక్కటి అడగలేదే? నువ్వొచ్చిన రోజు, ఏ చుట్టరికమూ లేనివాడు మా మధ్య ఉండకూడదు పొమ్మన్నారు పెద్దలు. గుర్తుందా?"

"తెల్లారేసరికి వాళ్లే ఉండమన్నారుగా."

జంగాలా చేతిలో తాడు కింద పెట్టాడు.

"ఇక జన్మలో నీతో మాట్లాడకూడదని తెలిసే, 'చిన్నప్పుడే పోయిన నా కూతురు బతికుంటే వీడికే ఇచ్చేదాన్ని, వీడు నా అల్లుడు' అని వాళ్లతో పోట్లాడి నిన్ను ఉంచింది మా పెద్దమ్మే."