ఆగిన చోటు

మెకానిక్‌కు పద్నాలుగేళ్ళుగా ఒక అనుమానం ఉంది. ఏ లోపమూ లేని ఇంజను దానంతట అది ఆగిపోతుందా? అప్పుడెప్పుడో ఒక పొద్దున, శవాన్ని తీసుకుపోతున్న పాత కారొకటి సరిగ్గా అతని షెడ్డు ముందు ఆగింది. బానెట్ ఎత్తి ఎంత వెతికినా తప్పు దొరకలేదు. కాసేపటికి డ్రైవరు తాళం తిప్పగానే, ఏమీ ఎరగనట్టు స్టార్టయి వెళ్ళిపోయింది. యంత్రానికి మనసుండదని అతనికి తెలుసు. కానీ రోజూ షెడ్డులోని దేవుడి పటానికి దణ్ణం పెట్టుకునే మనిషి గనక, ఉండదని గట్టిగా అనడానికి నోరు రాలేదు. డ్రైవర్ని అడగడానికీ రాలేదు.

ఇప్పుడు అదే కారు అతని షెడ్డులో ఉంది.

"ఈ నెల్లో మూడోసారయ్యా!" ఓనరు అరికాలి మంట నెత్తికెక్కి అరుస్తున్నాడు. "పోయిన వారం టైలరు కొట్టు ముందు, నిన్న మందుల షాపు ముందు పది నిమిషాలు ఆగింది. పోయినాయన కొడుకు నా కాలరు పట్టుకున్నాడు. నా బండెక్కినవాళ్ళు ఏనాడూ నోరెత్తరు, వెనక నడిచేవాళ్ళతోనే నాకు చావు! తేల్చి చెప్పు. తప్పు బండిదా, ఈ ముసలోడి కాలుదా? కాలుదైతే తాళాలు లాక్కుని ఇప్పుడే పంపించేస్తా."

డ్రైవరు గుడ్డతో అద్దం తుడుస్తూనే ఉన్నాడు. అరవై దాటాయి. ఇంట్లో మంచం పట్టిన భార్య. ఈ వయసులో ఇంకెవరూ పనివ్వరని అక్కడున్న ముగ్గురికీ తెలుసు.

వెనక సీట్లు పీకేసి, మనిషి పడుకునేలా మార్చిన బండి అది. నడిచే జనం ముందు తానూ నడవాలి గనక దాని బతుకంతా మొదటి గేరులోనే, యాక్సిలరేటరు తొక్కకుండా ఐడిల్ మీదే. మెకానిక్ ప్లగ్గులు విప్పాడు. మసి లేదు. కార్బురేటర్ తీసి, పెట్రోలు వచ్చే జెట్టు ఊదాడు. అన్నీ బిగించి స్టార్ట్ చేసి, గొట్టాల దగ్గర చెవి పెట్టి విన్నాడు. ఎక్కడా గాలి లాగుతున్న బుస లేదు. ఇంజను మీద నీళ్ళ గ్లాసు పెట్టాడు. నీళ్ళు తొణకలేదు.

"ఖాళీగా ఉంటే బుద్ధిగానే ఉంటుంది," అన్నాడు ఓనరు. "శవం ఎక్కితేనే దీనికి మాయరోగం."

మెకానిక్ రెండు ఇసుక బస్తాలు వెనక వేసి డ్రైవరు పక్కన కూర్చున్నాడు. షెడ్డు వెనక వీధిలో బండి చీమలా పాకింది. ఈ చివరి నుంచి ఆ చివరికి వెళ్ళినా ఆగలేదు.

"ఇంజను నిక్షేపంలా ఉంది బాబాయ్."

డ్రైవరు అద్దంలోంచి ఇసుక బస్తాల వైపు చూశాడు.

"నిన్న మందుల షాపు ముందే ఎందుకాగింది?"

"దాని మేడ మీద ఉండేది నిన్న పోయినాయన కూతురు. తనకు నచ్చినవాణ్ణి చేసుకుందని గడప తొక్కనివ్వలేదు."

"పోయిన వారం, ఆ టైలరు కొట్టు ముందు?"

"అక్కడ మిషను కుట్టేది అప్పుడు పోయినాయన మొదటి భార్య. కబురైనా పంపలేదు."

"ఇవన్నీ నీకెవరు చెప్తారు?"

"పోయినవాళ్ళ ఇంటివాళ్ళే చెప్తారు నాయనా. 'ఆ మందుల షాపు దగ్గర కాస్త వేగంగా పోనియ్' అంటారు. జనాన్ని వెనక నడిపిస్తూ వేగమేంటి? ఆ మాటతోనే తెలిసిపోతుంది, అక్కడ ఆఖరి చూపుకి కాచుకున్న ప్రాణం ఒకటుందని. క్లచ్చి మీంచి కాలు ఠక్కున తీసేస్తాను, ఇంజను ఆగిపోతుంది. ఇప్పటికి ఎన్ని చోట్ల ఆపానో, ఎవరి కోసం ఆపానో నాకే గుర్తులేదు."

"ఏదో ఒకరోజు దొరికిపోతావని తెలీదా?"

"దొరికిపోయాగా."

షెడ్డుకు వచ్చేసరికి ఓనరు గుమ్మంలోనే నిలబడి ఉన్నాడు. "ఆఁ, ఏం తేలింది?"

లేని జబ్బు ఉందని మెకానిక్ ఏ బండికీ ఇంతవరకు చెప్పి ఎరగడు.

"తప్పు బండిదే."

"అయితే బాగుచెయ్."

"బాగవదు సార్. కార్బురేటర్ లోపల అరిగిపోయింది. ఈ పాత మోడలుకి కొత్తది దొరకదు. బరువుతో మెల్లగా పోతుంటే ఎక్కడో ఒకచోట ఐడిల్ పడిపోయి ఆగుతుంది. కాసేపుంటే మళ్ళీ అందుకుంటుంది. ఎవర్ని కూర్చోబెట్టినా ఇంతే."

ఓనరు కళ్ళు చిట్లించాడు. "అదిగో, ఆ పటం మీద ఒట్టేసి చెప్పు."

మెకానిక్ చెయ్యి చాపాడు. గ్రీజు చెయ్యి అని గుర్తొచ్చి వెనక్కి తీసుకుని, చొక్కాకి తుడుచుకుని మళ్ళీ చాపాడు. "ఒట్టు."

"సరే. వీడు ఉంటాడు," అన్నాడు ఓనరు. "కానీ ఓ ముసలి బండి ఐడిల్‌ని సరిచెయ్యలేనివాడి దగ్గర నా మిగతా నాలుగు బండ్లెందుకు? రేపట్నించి అవి ఇక్కడికి రావు."

ఆ నాలుగు బండ్లే షెడ్డుకు సగం తిండి. ఓనరు వెళ్ళిపోయాడు.

డ్రైవరు తాళాలు పట్టుకుని మెకానిక్ దగ్గరికొచ్చాడు. "దేవుడి ముందు అబద్ధమాడావు. బంగారంలాంటి బేరం పోగొట్టుకున్నావు. నేను నీకేమవుతానని నాయనా?"

"నీకో బాకీ ఉన్నాను బాబాయ్. పద్నాలుగేళ్ళది." మెకానిక్ పటం వైపు చూడలేక బానెట్ మూశాడు. "ఆ రోజు నా షెడ్డు ముందు నీ బండి ఆగితే, రిపేరుకొచ్చినవాణ్ణి గనక, ఇంటి గడప తొక్కనివ్వని మా అన్నలు కూడా నన్ను ఆపలేకపోయారు. లోపలున్నది మా నాన్న."